నలభై రెండు అంగుళాల నడుము

రిటైర్మెంట్‌కు ఇంకా పద్నాలుగు నెలలు ఉండగా, కార్తీక మాసం మొదట్లో, నన్ను భద్రాచలం అడవి అంచున రెండు రోజుల షూటింగ్‌కు వేశారు. అప్పటికి నేను ఖమ్మంలోని ఒక బట్టల దుకాణంలో రీటచింగ్ విభాగం ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అన్నది పేరుకే. విభాగంలో నేనూ ఒక కంప్యూటరూ ఉండేవాళ్లం. కేటలాగ్ కోసం తీసిన ఫొటోల్లో మచ్చలు, ముడతలు, చెమట తుడిచి అచ్చుకు పంపడం నా పని. నడుములు తగ్గించడం కూడా నా పనే. అది నాకంటే బాగా చేసేవాళ్లు జిల్లాలో లేరని గొప్పలు పోయేదాన్ని.

ఈసారి తీయాల్సినవి పెద్ద సైజు కుర్తాలు. మా వ్యాపారంలో బయటివాళ్లకు తెలియని అలవాటు ఒకటి ఉంది. పెద్ద సైజు బట్టలకు కూడా హైదరాబాద్ నుంచి సన్నటి మోడల్‌నే పిలిపిస్తారు. ఆమెకు ఆ కుర్తా తొడిగి, వదులుగా ఉన్న బట్టనంతా వీపు వెనక్కి లాగి క్లిప్పులు పెడతారు. ముందు నుంచి చూస్తే ఒంటికి కుట్టినట్టు ఉంటుంది. వెనక నుంచి చూస్తే బట్టలారేసిన తీగలా ఉంటుంది. ఎక్కడైనా క్లిప్పు అంచు కనబడితే నేను చెరిపేసేదాన్ని. ఇదేం న్యాయమని ఇన్నేళ్లలో ఒక్కసారైనా తోచలేదు. పోనీ నేనేమైనా సన్నగా ఉన్నానా అంటే అదీ లేదు.

ఆ షూటింగ్‌కు మాతో సరోజన కూడా వచ్చింది. కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. మా దుకాణంలో ఆల్టరేషన్ కౌంటర్ ఆమెది. కొన్న బట్ట బిగుతైతే విప్పుతుంది, వదులైతే పట్టి కుడుతుంది. ఈ పెద్ద సైజు కుర్తాల నమూనాలు కుట్టింది కూడా ఆమే. కొలతలు ఎవరూ ఇవ్వకపోతే తన ఒంటి కొలతలే పెట్టుకుంది. బొద్దుగా, నిటారుగా ఉంటుంది.

మొదటి రోజు పొద్దున గోదావరి ఇసుక మీద లైటు సరిచూసుకోవాలి. మోడల్ ఇంకా మేకప్‌లో ఉంది. అలాంటప్పుడు దగ్గరున్న ఎవరినో ఒకరిని నిలబెట్టి టెస్ట్ షాట్లు తీస్తారు. వాటిని ఎవరికీ చూపించరు. ఫొటోగ్రాఫర్ సరోజనను కుర్తా తొడుక్కుని నిలబడమన్నాడు. కెమెరాకు వైరుతో కలిపిన లాప్‌టాప్ ముందు నేను కూర్చున్నాను. ఆమె ఒక చేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, ఇంకో చెయ్యి నడుం మీద వేసి, "జల్దీ కానియ్యిండ్రి, ఇస్త్రీ పెట్టె బంద్ చెయ్యలే" అంది. ఆ క్షణంలో పడిన ఫొటో చూసి నేను కుర్చీలోంచి లేచాను. నా సర్వీసులో మొదటిసారి పెద్ద సైజు కుర్తా లోపల దానికి తగిన మనిషి ఉంది.

ఫొటోగ్రాఫర్‌కూ అలాగే అనిపించింది. ఆమెను అడిగాం. కాసేపు నవ్వి సరేనంది. రెండు రోజులూ ఆ కుర్తాలన్నీ ఆమె మీదే తీశాం. నడిపించి, కూర్చోబెట్టి, వెనక్కి తిప్పి మరీ తీశాం. క్లిప్పులున్న మనిషిని వెనక్కి తిప్పడం ఎన్నడూ జరగని పని. మోడల్ మామూలు సైజులు చేసింది, ఆ పిల్లకూ క్లిప్పుల బాధ తప్పింది.

తర్వాత జరిగిన తప్పు నాది. ఖమ్మం వచ్చాక, ఎవరూ చెప్పకుండానే, సరోజన నడుమును రెండు పక్కలా లోపలికి నెట్టాను. చెయ్యి అలవాటు. పైగా ఆమెకు మేలు చేస్తున్నాననుకున్నాను. సంబరపడుతుందని పిలిచి చూపించాను. ఆమె తన మొహం చూసుకోలేదు. తెర మీద కుర్తా పక్క కుట్టు వెంట వేలు జరిపింది.

"అక్కా, గిది ఎవ్వరు కుట్టిండ్రు?"

నువ్వే కదా అన్నాను.

"నేను కుట్టింది గిది కాదు. నడుము కాడ అడ్డం ఏడు పూలు రావాలె, గీడ పూలు నలిగినయ్. నేను నలభై రెండు నడుముకు కుట్టిన, మీరు ముప్పై ఆరు చేసిండ్రు. గీ ఫొటో చూసి కొన్నోళ్లు రేపు నా కౌంటర్ కాడికే వస్తరు. ఫొటోల ఉన్నట్టు లేదు, నా ఒళ్లే బాలేదని ఏడుస్తరు. పదకొండేండ్ల సంది గదే ఏడుపు వింటున్న."

నాకు కోపం వచ్చింది. నిజానికి అది సిగ్గు. నువ్వు బాగుండాలనే చేశానన్నాను. "నేను బాలేనని మీకు ఎవ్వరు చెప్పిండ్రు?" అని అడిగింది. పాత ఫైలు తెరిచి ఆమె నడుము ఆమెకు ఇచ్చేశాను.

సాయంత్రం మేనేజర్ మా ఇద్దరినీ పిలిచి ఆ ఫొటోలు చూశారు. నడుము తగ్గించాల్సిందేనన్నారు. లేకపోతే జనం నవ్వుతారని, నా వల్ల కాకపోతే హైదరాబాద్‌లో చేయిస్తానని అన్నారు. కౌంటర్ మనిషి కౌంటర్‌లో ఉంటే ఉద్యోగానికి మంచిదని కూడా అన్నారు. సరోజన ఇల్లు ఆ ఉద్యోగం మీదే నడుస్తుందని ఆయనకు తెలుసు.

ఫొటో అచ్చుకు వెళ్లాలంటే మా దగ్గర రెండు సంతకాలు కావాలి. ఫొటోలోని మనిషి సమ్మతి పత్రం మీద పెట్టాలి, విభాగం ఇన్‌చార్జి దాని కింద పెట్టాలి. సరోజన పత్రం అడిగి తీసుకుంది. బట్ట మీద సుద్దతో గీసేటంత పెద్ద అక్షరాలతో, సంతకం గీతకు పైన, "నా నడుము నలభై రెండు. తగ్గిస్తే ఈ ఫొటో వెయ్యొద్దు" అని రాసింది.

"సార్, కౌంటర్ తీసేస్తే తీసెయ్యిండ్రి. కొత్తగూడెంల మిషన్ పెట్టుకుంట. గీ నడుమైతే గింతే" అంది.

ఆమె సంతకం కింద నేనూ సంతకం పెట్టాను. తగ్గించిన ఫైలు ఎక్కడ చేయించినా నా సంతకం పడదని చెప్పాను. పద్నాలుగు నెలల్లో ఇంటికి పోయేదాన్ని, నా ధైర్యం లెక్కలోకి రాదు. ధైర్యమంటే ఆమెది.

మేనేజర్ వారం రోజులు ఆ పత్రాన్ని బల్ల మీదే ఉంచుకున్నారు. అచ్చుకు గడువు ముంచుకొచ్చింది, పెద్ద సైజులకు వేరే ఫొటోలు లేవు. చివరికి ఉన్నవి ఉన్నట్టు వేశారు. కొత్తగూడెంలో బస్సులు ఆగే చోట పెద్ద బోర్డు కూడా పెట్టారు. నవ్వినవాళ్లు నవ్వారు. "గామె ఏసుకున్నదే కావాలె" అని అడిగినవాళ్లు అడిగారు. కౌంటర్ ఇప్పటికీ సరోజనదే.

నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించినదే. ఒరిజినల్ ఫైలు మీద ఎప్పుడూ సేవ్ చేయకూడదు, చేస్తే అసలు ఫొటో పోతుంది. సరోజన అసలు ఫొటోలు విడిగా దాచాను కాబట్టి తిరిగి ఇవ్వగలిగాను. బోర్డు పెట్టాక వచ్చిన ఆదివారం మా అమ్మాయి పెళ్లి ఫొటోలు తెరిచి చూసుకున్నాను. ప్రతి దాంట్లో నన్ను నేను తగ్గించుకుని ఒరిజినల్ మీదే సేవ్ చేసి ఉన్నాను. ఆ రోజు పీటల మీద కూర్చున్న నేను ఒక్క ఫొటోలోనూ లేను. నా మీద నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

రిటైరైన రోజు దుకాణం మెట్ల మీద నన్ను నిలబెట్టి, కేటలాగ్‌లో వేస్తామని ఫొటో తీశారు. సమ్మతి పత్రం చేతికిచ్చారు. సరోజనను పిలిచి టేపు పెట్టి కొలవమన్నాను. సంతకం గీతకు పైన, "నా నడుము నలభై నాలుగు" అని రాసి సంతకం పెట్టాను.