సైడ్ స్టాండు కింద వేసిన ఇనప పట్టా

ఉదయగిరిలో నాది వెల్డింగు షాపు. గేట్లు, కిటికీలు, ట్రాక్టరు ట్రాలీల పని ఎక్కువ. మోటారు సైకిళ్ల పని ఎవరైనా అడిగితే చేస్తాను. సైడ్ స్టాండు విరిగిందనో వంగిందనో నెలకు నలుగురైదుగురు వస్తారు. మా వైపు మోటారు సైకిల్ మీద మనుషులే కాదు, గడ్డిమోపులు, యూరియా మూటలు, గ్యాస్ సిలిండర్లు కూడా పోతాయి. వాటిని ఎక్కించేటప్పుడు బండి సైడ్ స్టాండు మీదే నిలబడి ఉంటుంది. అది విరగడంలో వింతేమీ లేదు. విరిగినచోట అతికించి, గ్రైండరుతో నున్నగా చేసి ఇస్తాను. పాతికేళ్లుగా చేస్తున్నా, దాని గురించి అంతకు మించి ఆలోచించలేదు.

మూడేళ్ల కిందట ఒక ఉదయం వరికుంటపాడు వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. అతను బండిని షాపు గోడకు ఆనించి పట్టుకుంటే, ఆమె చేతికర్ర సాయంతో మెల్లగా దిగింది. ఎడమ కాలికి చిన్నప్పుడే పోలియో వచ్చిందట. మోకాలి పైదాకా ఇనప కడ్డీలు, తోలు పట్టీలు ఉన్నాయి. పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. అతను కూలిపనికీ, చెరువులో నీళ్లున్నప్పుడు చేపలకూ పోతాడు. రోజూ పొద్దున ఆమెను అంగన్‌వాడీ దగ్గర దించి, తర్వాత తన పనికి వెళ్తాడు.

"ఇది మూడోసారన్నా ఇరిగేది. వేరేచోట రెండుమాట్లు అతికించినాం, నిలబళ్లేదు," అంది ఆమె. అతను మాట్లాడే మనిషి కాదు. విరిగిన ముక్క నా చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు.

ఎందుకు విరుగుతోందో తెలియాలి కాబట్టి, బండి ఎలా ఎక్కుతారని అడిగాను. ఆమే చెప్పింది. అతను ముందు ఎక్కితే ఆమెను పైకి లేపేవాళ్లుండరు. అందుకని బండి సైడ్ స్టాండు మీద ఉండగానే అతను ఆమెను నడుము పట్టి లేపి వెనక సీటు మీద ఒకవైపుగా కూర్చోబెడతాడు. ఒక చేత్తో బండిని పట్టుకునే చేతికర్రను పక్కన కట్టేస్తాడు. ఆ తర్వాత ముందునుంచి కాలు తిప్పి తాను కూర్చుని, స్టాండు తీస్తాడు. అంటే అతను ఎక్కేదాకా ఆమె బరువు కూడా ఆ స్టాండు మీదే.

"మెయిన్ స్టాండు వెయ్యకూడదా?" అన్నాను.

"దాని మీదనుంచి దించేటప్పుడు బండి ముందుకు దూకతాదన్నా. ఒకసారి పడబోయినాను. అప్పుట్నుంచి నాకు భయం."

స్టాండును బండి ఫ్రేముకు పట్టి ఉంచే చోట పాత అతుకులన్నీ కోసేసి కొత్తగా వెల్డింగు చేశాను. పక్కన ఒక దన్ను ముక్క కూడా వేశాను. స్టాండు కాడ కొంచెం వంగి ఉంటే వేడి చేసి నిటారుగా కొట్టాను. వాళ్ల వాకిలి ఇసక నేల అనీ, స్టాండు దిగబడుతోందనీ ఆమె చెప్పడంతో, లారీ కమానుల్లో వాడే మందపాటి ఇనప పట్టా ఒకటి అరచేయంత కోసి అడుగున అతికించాను. ఇంత పని ఎవరూ అడగలేదు. ఆమె కాలు చూసి చేశాను.

పని అయ్యాక ఆమె బండిని చూసి, "ముందు కంటే నిటారుగా నిలబడినట్టుండాదే," అంది.

"నిటారుగా ఉంటే మంచిదే కదమ్మా."

"అసలిది ఎంత బరువు ఆపతాదన్నా?"

నాకు తెలియదు. ఎప్పుడూ లెక్క చూసింది లేదు. కానీ షాపులో ఇంకో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. "నువ్వేంది, మీ ఇద్దరూ ఎక్కి కూచున్నా ఏం కాదు. ఇరిగితే నన్నడుగు," అన్నాను. ఆమె నవ్వింది. వెళ్లిపోయారు.

వారం దాటిన తర్వాత అదే ఊరి రైతు ఒకాయన నాగలి కర్రు అతికించుకోవడానికి వచ్చాడు. "నీ దగ్గర స్టాండు ఏయించుకున్న టీచరమ్మ పడిపొయ్యింది. చెయ్యి ఇరిగింది. ఆత్మకూరు ఆస్పత్రిలో ఉండాది," అన్నాడు.

నేను ముందు అడిగింది చెయ్యి గురించి కాదు. "స్టాండు ఇరిగిందా?" అన్నాను. ఆయన నా వైపు అదోలా చూసి, తనకు తెలియదన్నాడు.

ఆ మధ్యాహ్నం షాపు మూసి నేను వెళ్లింది కూడా ఆస్పత్రికి కాదు, వాళ్ల ఊరికి. ఇంటికి తాళం వేసి ఉంది. బండి గోడకు ఆనించి ఉంది. వంగి చూశాను. నా వెల్డింగు చెక్కు చెదరలేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది. పక్కింటి ముసలమ్మ అరుగు మీదనుంచి నన్ను చూసి, ఎవరి తాలూకని అడిగింది. చెప్పాను.

"ఎట్టా పడిందవ్వా?"

"ఆ పిల్లోడు ఎక్కించినాడు, కర్ర తీసకరాను తిరిగినాడు. అంతే. బండి అటుపక్కకు ఒరిగింది. ఆ పిల్ల యెనక్కి పడింది."

అటుపక్క అంటే కుడిపక్క. స్టాండు ఉండేది ఎడమ పక్క. స్టాండు విరిగినా, భూమిలో దిగబడినా బండి ఎడమకే పడాలి. బండిని తీసుకొచ్చి వాకిట్లో స్టాండు వేసి నిలబెట్టాను. దాదాపు నిటారుగా నిలబడింది. వెనక సీటు మీద రెండు చేతులూ ఆనించి నా బరువంతా మోపాను. వెనక స్ప్రింగులు కుంగాయి. బండి కిందికి దిగింది, స్టాండు మాత్రం ఎప్పటి పొడవే ఉంది. కిందికి దిగేకొద్దీ బండి ఎడమ వాలు తగ్గి లేచి నిలబడింది. ఇంకొంచెం గట్టిగా నొక్కితే కుడివైపుకు తూలింది. హ్యాండిలు పట్టుకోకపోతే పడేదే.

వంగిన కాడను నిటారుగా కొట్టడంతో ఒక అర అంగుళం పెరిగింది. కమాను పట్టాతో ఇంకో అర అంగుళం. వాకిలి కూడా కుడికి కొంచెం పల్లం. స్టాండు విరగకుండా చేయడం మీద పెట్టిన ధ్యాస, బండి ఎటు పడుతుందో చూడడం మీద పెట్టలేదు. ముసలమ్మ చూస్తుండగా బండిని తిరిగి గోడకు ఆనించి వచ్చేశాను.

మర్నాడు పొద్దున షాపులో నా సొంత బండిని సైడ్ స్టాండు మీద నిలబెట్టి, వెనక సీటు మీద ఇరవై ఐదు కిలోల బియ్యం మూటలు ఒక్కొక్కటిగా పెట్టి చూశాను. ఒక మూటకు తేడా తెలియలేదు. రెండో మూటకు కొంచెం లేచింది. స్టాండు కింద ఒక పట్టా ముక్క పెట్టి మూడో మూట వేసేసరికి చిటికెన వేలితో కుడికి తోయగలిగాను. పట్టా తీసేసి అవే మూటలు వేస్తే బండి ఎడమకే ఆనుకుని ఉంది గానీ, స్టాండు మొదలు దగ్గర బరువు పడి సన్నగా కిర్రుమంది. టూల్‌కిట్ పెట్టెలో కంపెనీవాళ్లిచ్చిన పుస్తకం ఉంది. కొన్ననాటినుంచి తెరవలేదు. సైడ్ స్టాండు మీద ఉండగా బండి మీద ఎవరూ కూర్చోకూడదని అందులో ఉంది. ఎన్ని కిలోలని మాత్రం లేదు. స్టాండు ఆపాల్సింది ఖాళీ బండి వాలును మాత్రమే.

తర్వాత బస్సెక్కి ఆత్మకూరు వెళ్లాను. దారిలో రెండుసార్లు తిరిగి వెళ్లిపోదామనిపించింది. స్టాండు విరగలేదు కాబట్టి నన్ను అడిగేవాళ్లు లేరు. ఆ మాట నాకు తెలుసు.

ఆమె మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. కుడి చేయి మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాటేదాకా సిమెంటు కట్టు. ఆ చేత్తోనే ఆమె కర్ర పట్టుకునేది. చేయి బాగుపడేదాకా నడక కూడా లేనట్టే. అతను మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "నీ స్టాండు ఏం కాలేదన్నా. గట్టిగానే ఉండాది. తప్పు నాదే, చెయ్యి వదిలేసినాను," అన్నాడు. అంతకు ముందు అతని నోట అన్ని మాటలు నేను వినలేదు.

ఆ మాట విన్నాక చెప్పక తప్పలేదు. కాడ పొడవు పెరగడం, పట్టా మందం, స్ప్రింగులు కుంగితే బండి లేవడం, బియ్యం మూటలు, అన్నీ చెప్పాను. "నువ్వు చెయ్యి వదిలినందుకు కాదు. నేను చేసినదానికి పడింది," అన్నాను. అతను బయటికి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఆస్పత్రి గోడ పక్కన నిలబడి కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు.

ఆమె కోప్పడలేదు. "నేనడిగినప్పుడు తెలవదని చెప్పుంటే సరిపొయ్యేది కదన్నా," అంది.

"నిజమేమ్మా."

"తెలవదంటే మేం జాగర్తగా ఉండేవాళ్లం. నువ్వు చెప్పినావని ఆయన ధైర్యంగా చెయ్యి వదిలినాడు. ముందు ఎప్పుడూ వదిలేవాడు కాదు, మా పిల్లను పిలిచి కర్ర తీయించేవాడు."

తెచ్చిన పళ్లు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఏం చేయమంటావని నేనే అడిగాను. ఆమె ఆలోచించి చెప్పింది. ఆయన ముందు బండెక్కి రెండు కాళ్లూ నేలకు ఆనించి కూర్చుంటే, తాను ఎవరూ లేపకుండా సీటు మీదికి జరిగేటట్టు ఒక మెట్టు కావాలి. పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉండాలి. ఇంటి దగ్గర ఒకటి, అంగన్‌వాడీ దగ్గర ఒకటి.

"ఎత్తు నేను కొలుచుకోని చెప్తా. నువ్వు అందాజుగా చెయ్యబాకు," అంది.

ఆమె ఇంటికి వచ్చాక టేపు పట్టుకుని వెళ్లాను. మూడు మెట్లు ఎక్కితే సీటు ఎత్తుకు కొంచెం పైన వచ్చే బల్ల, మెట్లకు రెండు పక్కలా నడుమెత్తు కమ్మీలు. మొదటి దానిలో మెట్ల మధ్య ఎడం ఎక్కువైంది, ఇనప కడ్డీల కాలు పైకి రాలేదు. మళ్లీ కోసి తగ్గించాను. రెండోసారి కమ్మీ అంచు చేతికి గుచ్చుకుంటోందంది. గొట్టం మార్చాను. మూడోసారి ఆమె ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కి, బల్ల మీద కూర్చుని, అక్కడినుంచి బండి మీదికి జరిగింది. ముందు కూర్చున్న భర్త వెనక్కి తిరిగి చూడలేదు, బండిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. "అయ్యిందా?" అన్నాడు. "పోనీ," అంది. బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, నా సామాన్లు సర్దుకున్నాను. స్టాండు కింద పట్టాను అంతకు ముందే కోసేశాను. అవే కొలతలతో రెండోది చేసి అంగన్‌వాడీ దగ్గర పెట్టాను.

చెయ్యి కుదుటపడ్డాక ఆమె మళ్లీ పనిలోకి వెళ్లింది. వేళ్లు మునుపటిలా పూర్తిగా ముడుచుకోవట్లేదని, పిల్లలకు గుడ్లు వొలిచేటప్పుడు తెలుస్తోందని ఒకసారి చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు.

ఇప్పుడు స్టాండు పనికి వచ్చినవాళ్లను బండి ఎలా ఎక్కుతారో, ఏం ఎక్కిస్తారో అడుగుతాను. కాడ పొడవు ముందు కొలిచి, పని అయ్యాక మళ్లీ కొలుస్తాను. కొందరు విసుక్కుని వేరే షాపుకు పోతారు. టీచరమ్మ భర్త కూడా తన బండి పనులు వేరేచోటే చేయించుకుంటున్నాడు. రోడ్డు మీద ఎదురైతే తల ఊపుతాడు, ఆగడు. అతన్ని తప్పుపట్టను. మొన్న ఆమె మాత్రం షాపుకు కబురు చేసింది. అంగన్‌వాడీ గేటు గడి పడటం లేదట, పిల్లలు రోడ్డు మీదికి పోతున్నారట. సోమవారం వెళ్లాలి.