మల్లేశం అతికిన పోగు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కరీంనగర్‌లో మా బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఎదుట నిలబడ్డ మనిషి చెప్పిన రేటునే నమ్మను, ఇక కనపడనివాళ్ల సంగతెందుకు? పైగా లేని మనుషుల్ని గాలిలో చూపించడమే నా వ్యాపారం. పెళ్లిళ్లలో, చర్చి పండుగల్లో పల్చటి తెర మీద వెలుగు వేసి కథలు చెప్తాను. బొమ్మలోని మనిషి అక్కడే నిలబడ్డట్టుంటుంది. హోలోగ్రామ్ అంటే రేటు పలుకుతుంది కాబట్టి అలాగే అంటాను.

చొప్పదండి నుంచి రాజవ్వ వచ్చింది. ఆమె భర్త మల్లేశం మరమగ్గం నేసేవాడు. రాజవ్వ ఖానాపూర్‌లో కూతురి దగ్గర ఉన్నప్పుడు పోయాడు. ఆఖరి చూపు దక్కలేదు. సంవత్సరీకం నాడు ఆయన కథ చూపించాలి, చివర్లో ఆయన తనవైపు ఒక్కసారి చూడాలి. అంతే ఆమె అడిగింది.

బేరంలో తెర గుడ్డ ఆమే తెచ్చుకునేలా ఒప్పించి, గెలిచాననుకున్నాను. మల్లేశం ఆఖరిసారి నేసిన తెల్ల గుడ్డ తెచ్చింది. దాని మధ్యలో ఒక పోగు తెగి వేలాడుతోంది. బొమ్మ మొహం మీద వెంట్రుకలా పడుతుందని కత్తెర తీశాను.

"కత్తెర వెట్టకు సేటూ! తెగిన పోగును అతుకుతరు గని కోస్తరా? మీ కొట్టోళ్లకు కోసుడొక్కటే ఎరుక" అని కసిరింది.

విసుక్కుంటూ వదిలేశాను.

సంవత్సరీకం నాటి మధ్యాహ్నం, మల్లేశం పనిచేసిన మగ్గాల షెడ్డు తలుపులు మూసి కథ మొదలుపెట్టాను. మల్లేశం మొహం పాత పెళ్లి వీడియోలోంచి తీసింది. ఒళ్లు ఆయన మేనల్లుణ్ణి నడిపించి తీసింది. చివర్లో నడిచి వచ్చి, ఎదురుగా చూసి, నవ్వి, దండం పెట్టాలి.

నడిచి వచ్చాడు. నవ్వలేదు. ఆ పోగు దగ్గర ఆగి, వేళ్లు నాలుకకు తడిచేసుకుని, వంగి ఏదో మెలిపెట్టాడు. అట్నుంచి అటే వెళ్లిపోయాడు. ల్యాప్‌టాప్‌ను తిడుతూ దొరికిన మీటనల్లా నొక్కాను.

తలుపులు తీశాక చూస్తే పోగు వేలాడటం లేదు. అక్కడ చిన్న ముడి ఉంది. తెర దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. వెళ్తే నీడ పడేది.

రాజవ్వ ఏడుస్తుందనుకున్నాను. మండిపడింది. "సూసిండ్రా? ఏడాదికి వచ్చి గా పోగునే సూసిండు. నా దిక్కు సూడనే లే! బతికున్నప్పుడు గంతే, సచ్చినంక గంతే!"

పరువు పోతుందని తలుపులు మూసి మళ్లీ వేశాను. ఈసారి చూపు, నవ్వు, దండం, అన్నీ నేను చేసినట్టే వచ్చాయి. సూటిగా ఆమెనే చూశాడు.

రాజవ్వ కాసేపు చూసి మొహం తిప్పుకుంది. "బంద్ చెయ్యి సేటూ. గీయన నాకద్దు. మా ఆయన ఇందాకనే పోయిండు."

ఫైలంతా వెతికాను. వంగడం లేదు, వేళ్లు తడుపుకోవడం లేదు. మేనల్లుణ్ణి నిలదీస్తే తానలా చేయనే లేదన్నాడు. ఆ గుడ్డ అమ్మమన్నాను. ఎంతకని కూడా అడగలేదు రాజవ్వ.

ఆ ముడి ఎవరు వేశారో ఇప్పటికీ చెప్పలేను. నాకు ఒళ్లు మండేదల్లా ఒకందుకే. అంత కష్టపడి, నవ్వు కూడా అతికించి నేను చేసిన మల్లేశాన్ని ఆమె ఒప్పుకోలేదు. తనవైపు చూడనివాణ్ణే మొగుడంది.