కొండమేకలు నాకొక్కదానికే కనబడ్డాయి

"ఊరికెల్లి ఎవలన్న వస్తే జరంత తొక్కు నూరి పంపియ్యవే" అన్నాడు.

"వద్దు తియ్. వాసనస్తది" అన్నాను.

మస్కట్ సీబ్ విమానాశ్రయంలో తలుపు బయట ఆయన, లోపల నేను. మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు. మొగుడూ పెళ్ళాం చివరిసారి మాట్లాడుకున్నది మిరపకాయ తొక్కు గురించి అంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఇది రాస్తున్నది మా తమ్ముడి బిడ్డ. నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెప్పిందాన్ని పుస్తకాల తెలుగులో పెడుతోంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టమన్నాను.

మా ఆయన మస్కట్‌లో ఒక తెల్లదొర ఇంట్లో వంటవాడు. దొర రోడ్లు వేసే కంపెనీలో పెద్ద ఇంజనీరు. ఆ దేశంలో అప్పుడప్పుడే రోడ్లు పడుతున్న కాలం అది. మా జిల్లా నుంచి పోయినవాళ్ళంతా సైట్లలో ఎండకు మాడుతుంటే మా ఆయన నీడపట్టున ఉన్నాడని ఊళ్ళో మాకు గొప్ప. దొరసాని కాన్పుకు వాళ్ళ దేశం పోయింది. పసిబిడ్డతో తిరిగొచ్చాక ఆయా కావాలి. నా పెళ్ళాం ఉంది సాబ్ అని మా ఆయన అడిగి అడిగి నన్ను పిలిపించాడు. కొన్నాళ్ళు ఉండడానికి మాత్రమే కాగితాలిచ్చారు. పనికొస్తానని దొరకు తోస్తే పొడిగిస్తాడు, లేకుంటే నేను ఇంటికి. పెళ్ళయినాక మేము కలిసి ఉన్నది చాలా తక్కువ. ఆయా పని మీద నాకేం మోజు లేదు. ఆయన పక్కన ఉండాలి, అదీ ఆశ. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా అదే నిజం.

ఆ చలికాలం దొర దగ్గరికి వాళ్ళ దేశం మనుషులు వచ్చారు. వాళ్ళకు కొండమేకలను చూపించాలట. ఆ మేకలను ఎవరూ వేటాడకూడదని సర్కారు కట్టడి పెట్టి, ఆ కొండలకు కాపలా మనుషులను కూడా పెట్టిందట. దొరసాని పసిబిడ్డతో ఇంట్లోనే ఉంది, గిన్నెలకూ నీళ్ళకూ నన్నూ రమ్మన్నారు. జీపుల్లో డేరాలు, మంచాలు, డబ్బాలు వేసుకుని బయలుదేరాం.

"ఈ క్యాంపుల నీ పని సూస్తడు దొర. ఆగం జెయ్యకు" అన్నాడు మా ఆయన దారిలో.

మేము దిగింది ఒక వాదీలో. వాదీ అంటే మన వాగే. నీళ్ళుండవు, గుండ్రాళ్ళుంటాయి. రెండు పక్కలా గడ్డిపోచ లేని కొండలు. మాకు దారి చూపినవాడు ఆ కొండల మనిషే. నడుముకు వంకర బాకు, కాళ్ళకు చెప్పులు లేవు. అందరూ షేబా అనేవాళ్ళు. షేబా అంటే ముసలాయన అనే. దిగగానే ఆయన అరబ్బీలో ఏవో కట్టుబాట్లు చెప్పాడు. దొర వాటిని తన వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పాడు. మా ఆయన నాకు చెప్పాడు.

"మేకలకు ముక్కు బాగ పనిజేస్తదట. సిగరెట్ తాగద్దు, సెంటు వూసుకోవద్దు."

"నాకాడ సెంటేడిది? ఉన్నదల్లా చెమట."

"గది సుత దూరంకెల్లే తెలుస్తది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

మాకిచ్చింది సామాన్ల డేరా. బయటికి పోవడానికి చెట్టు చాటు కూడా లేదు. అంతమంది మగవాళ్ళు తిరుగుతుంటే ఎక్కడికని పోను? పొద్దుగూకేదాకా మంచినీళ్ళు ముట్టలేదు. ఆ రోజు దొరలకు మేకల పెంటికలు తప్ప ఏమీ కనబడలేదు.

"పెంటికలు సుత ఫొటోలు దీసిన్రే" అని మా ఆయన నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే షేబా వాళ్ళను కొండ మీదికి తీసుకుపోయి బండల చాటున కూర్చోబెట్టాడు. ఎదుటి కొండకు చిన్న ఊట ఉంది. మేకలు అక్కడికి నీళ్ళకు వస్తాయి. మా ఆయన పైన టీ ఇచ్చి దిగి వచ్చాడు. నేను కింద వాగులో పొయ్యి దగ్గర గిన్నెలు తోముతున్నాను.

"మిరపకాయలు తెచ్చినవా?"

"మూటల ఉన్నయి. ఎందుకు?"

"తొక్కు నూరవే. ఆ ఇంట్ల కారం వాసనొద్దంటది మేంసాబు. నోరు సచ్చిపోయింది. ఈడ గోడల్లేవు, ఆమె లేదు."

"దొరొస్తే?"

"పొద్దెక్కేదాక రారు. జల్ది గానియ్."

పెనం పెట్టి నూనె పోసి మిరపకాయలు వేశాను. ఒట్టు, ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. సెంటు అంటే వాసన, సిగరెట్ అంటే వాసన. మిరపకాయ అంటే తిండి. మా వాడలో మిరపకాయలు వేగితే పక్కింటివాళ్ళు తుమ్ముతారు, తుమ్మి ఏం కూర అని అడుగుతారు. అంతకు మించి మాకేం తెలుసు?

ఎండ పొడ పడగానే ఆ వాగులో గాలి కొండ మీదికి ఎక్కుతుంది. ఘాటు నేరుగా పైకి పోయింది. ముందు ఒక తుమ్ము వినబడింది. తరువాత దగ్గు. ఆ కొండల్లో ఒక మనిషి దగ్గితే ఊరు ఊరంతా దగ్గినట్టు ఉంటుంది. తలెత్తి చూశాను. ఎదుటి కొండ మీద, ఊట పక్కన, ఎర్రమట్టి రంగు మేకలు. ఒకదానికి మెడ చుట్టూ జూలు. అలా నిలబడి చూసి, గోడలాంటి బండ మీద గంతులేసుకుంటూ పైకి పోయాయి. చిన్నది ఒకటి వెనకపడి, మళ్ళీ అందుకుంది. వాటి కోసం అన్ని దేశాలు దాటి వచ్చినవాళ్ళు బండల చాటున కళ్ళు నలుపుకుంటున్నారు. చూసింది నేను. చూశావా అని నన్నెవరూ అడగలేదు.

దొర దిగి వచ్చాడు. కళ్ళు మంకెన పూలయ్యాయి. "కిస్‌నే కియా?" అన్నాడు, ఎవరు చేశారు అని, తనకు వచ్చిన హిందీలో.

నా చేతిలో నూరే రాయి ఉంది. మా ఆయన చేతులు ఖాళీ. ఆయన పెనం వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

"ఔరత్ నయీ హై సాబ్. గావ్‌వాలీ. మై మనా కరా, సునీ నై."

కొత్తది, పల్లెటూరిది, నేను వద్దన్నా వినలేదు అని. సాయిబుల ఇళ్ళ మధ్య పెరిగినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుస్తుంది. నిజం చెబితే ఆయన నౌకరీ పోతుంది. చెప్పకపోతే నేను పోతాను. కొంగు నిండా కప్పుకుని ఆ రాయినే చూస్తూ కూర్చున్నాను.

వెనకాలే షేబా వచ్చాడు. ఆయనకు కోపం రాలేదు. రొట్టె ముక్క తొక్కులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. కంటి నీళ్ళు గడ్డం మీదికి కారుతుంటే "జైన్, జైన్" అన్నాడు, బాగుంది అని. అందరూ నవ్వారు, దొర కూడా. నన్ను తిట్టినా బాగుండేది. ఆ నవ్వుకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

వాళ్ళు అవతలికి పోయాక మా ఆయన అన్నం పెట్టుకుని, నాకు వీపు తిప్పి కూర్చుని, ఆ తొక్కంతా తిన్నాడు. రాయిని కూడా వేలితో తుడిచి నాకాడు.

"మంచిగున్నదా?" అన్నాను.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

కాగితాలు పొడిగించలేదు. పసిబిడ్డ ఉండే ఇల్లు, ఇట్లాంటి మనిషి వద్దు అన్నాడట దొర. సీబ్ నుంచి నేను వచ్చేశాక మా ఆయన ఆ ఇల్లు వదిలి ఆ దేశంలోనే రైసూత్ అనే ఓడరేవులో పనివాళ్ళ మెస్సులో చేరాడు. అక్కడే గుండె ఆగింది. మనిషి రాలేదు, ఆయన బట్టల పెట్టె వచ్చింది.

పెట్టె తెచ్చినాయన మా పక్క తాలూకా సాయిబు, రైసూత్‌లో ఆయనతో ఒకే రూమ్‌లో ఉన్నవాడు. చాయ్ తాగుతూ నన్ను ఓదార్చాలనే అన్నాడు.

"రూమ్‌ల రోజు నీ ముచ్చటే వదినె. నా పెండ్లాం ఒక్క పెనంతోని దొరలందర్ని ఏడ్పిచ్చిందని చెప్పి చెప్పి నవ్వెటోడు."

"ఎవలు నూరుమంటె నూరిన్నని చెప్పిండు?"

"నువ్వే గద వదినె. వద్దన్న ఇనకపోతివట."

మా అత్త గడపలోనే కూర్చుని ఉంది, వింటోంది.

"అవ్ అన్నా. ఇనకపోతి" అన్నాను.

అప్పటి నుంచి నా మీద అదే ముద్ర. నాలుక రుచికి మొగుడికి దూరమైందని అత్త అంది, ఆడబిడ్డ అంది. పెళ్ళి బంతిలో కూర్చుంటే "దానికి కారం ఎక్కువెయ్యిన్రి, మేకలను ఉరికిస్తది" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వుల వెనక ఆయన దాక్కున్నాడు, నేను బయటికి లాగలేదు. దొర ముందు భయపడ్డాడంటే అర్థముంది. రూమ్‌లో ఎవరికి భయం? నన్ను తలచుకుని రోజూ నవ్వినవాడికి, 'నూరమని అడిగింది నేనే' అన్న ఒక్క మాట నోట రాలేదు. అలాంటివాడి పక్కన ఉండాలనే నేను అంత ఆశపడ్డది. ఇప్పుడు వచ్చి అడిగినా నూరి పెడతాను, అది ఇంకా పెద్ద సిగ్గు.

"రాసినవా బిడ్డా? ఆయన అడిగితెనే నూరిన్నని రాసినవు గద? ఇన్నేండ్లు దాసిపెట్టి ఇప్పుడు సచ్చిపోయినోని ఇజ్జత్ దీస్తున్ననో, ఉన్నదున్నట్టు చెప్పిన్ననో, నాకు ఇంటెగాని తెల్వది. మొదటికెల్లి సదువు. ఉప్పు తక్కువైందన్న కాడ జర మెల్లగ సదువు."