ఎడమ చేతి చర్మం

నా నాలుకలో సగం ఒకప్పుడు నా ఎడమ ముంజేయి. వెనకాల గుసగుసలాడే శ్రమ ఎవరికీ లేకుండా ముందు నేనే చెప్పేస్తున్నాను.

చింతాద్రిపేటలో మా భజన గోష్ఠి శనివారం సాయంత్రం కూడుతుంది. ఒకరు నామం ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకుంటారు. మా అత్తగారు పోయాక ఎత్తుకునేది నేనే. అరిగి పదునెక్కిన పన్నొకటి రాసుకుని నాలుక పక్కన పుండు పడింది. నెలల తరబడి పట్టించుకోలేదు. చివరికి క్యాన్సరని తేలింది. సగం నాలుక తీసేసి, ముంజేతి చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి ఆ చోట కుడతామన్నారు.

ఏ చెయ్యి అని అడిగారు మా బావగారు. ఆయన మా వారి అన్న, గోష్ఠికి పెద్ద.

"వీరిది కుడిచేతి వాటం కదండీ, ఎడమ చేతి నుంచే తీస్తాం" అంది డాక్టరమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న.

బావగారు ఆటోలో అన్నారు.

"ఎడం చెయ్యి దేనికి వాడతామో తెలుసు గదమ్మా. ఆ తోలు నోట్లో పెట్టుకొని సామి పేరెట్లా చెప్తావు? తీర్థం ఎట్లా తీసుకుంటావు? ఆడ కుడి చెయ్యి కూడా ఉండాది గదా, అడిగి చూడు."

నేను అడిగాను. ఎడమ చేత్తో పువ్వు కూడా అందించని ఇంట్లో పెరిగాను. రెండు రోజులు ఆలోచించి, వెళ్లి, కుడి చేతి నుంచి తీయమన్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ చేతుల్నే అడుగుదాం రండి" అని ఒక గదిలోకి తీసుకెళ్లింది. చర్మం కింద రక్తం ఎలా పారుతోందో కాంతితో పసిగట్టే కెమెరా ఉందక్కడ. అరచేతి మీద ఎర్రని కాంతి పడింది. తెర మీద, రక్తం బాగా ఆడే చోట ఎరుపు, ఆడని చోట నీలం. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నాళాన్ని ఆమె వేలితో నొక్కిపట్టింది. చర్మంతో పాటు తీసేది ఆ నాళాన్నేనట. నా కుడి బొటనవేలూ చూపుడువేలూ నీలమైపోయాయి. ఆమె వదిలేదాకా అలాగే ఉన్నాయి. ఎడమ చెయ్యి మాత్రం ఒక్క క్షణం పాలిపోయి, రెండో నాళం నుంచి రక్తం తెచ్చుకుని మళ్లీ ఎర్రబడింది.

"కుడి చేతి నాళం తీస్తే వేళ్లకే ముప్పు. భజనలో తాళాలు ఏ చేత్తో వేస్తారండీ మీరు?"

"రెండు చేతులతో."

"అప్పుడు ఎడమ చెయ్యి పనికొచ్చిందిగా మరి?"

సిగ్గేసింది. ఇంటికొచ్చి పూజగదిలో కూర్చున్నాను. ఎన్నో ఏళ్లుగా దండం పెడుతున్న శంఖచక్రాల సామి పటమే. ఆ రోజే సరిగ్గా చూశాను. బావగారిని పిలిచాను.

"నోటికి పెట్టుకొని ఊదే శంఖాన్ని సామి ఏ చేత పట్టుకున్నాడు బావగారూ?"

ఆయన పటం వైపు చూడలేదు. "సామితో నీకు పోటీనామ్మా?"

"పోటీ లేదు. ఆయన చూపించిందే చేస్తా."

"సరిమా. ఎత్తుకునే పని ఇంకొకరికి ఇస్తాం."

ఆపరేషన్ ఒక పగలంతా పట్టింది. లోపల జరిగింది తరువాత డాక్టరమ్మ తన ఫోనులో చూపించింది. నాళాలు కలిపి కుట్టాక రక్తంలోకి ఆకుపచ్చ రంగు మందు ఎక్కించి, ఇంకో కెమెరాతో చూశారు. రక్తం అందిన చోటల్లా తెల్లగా వెలుగుతుంది. కొత్త నాలుక వెలిగింది, ఒక అంచు తప్ప. అది నల్లగానే ఉండిపోయింది. అలా వదిలేస్తే కుళ్లిపోయేదట. కుట్టు విప్పి చూస్తే నాళం మెలిపడి ఉంది. సరిచేసి మళ్లీ కుట్టి, మళ్లీ మందు ఎక్కించారు. నల్లని అంచు మెల్లగా, తడి గుడ్డలోకి నీళ్లు పాకినట్టు, తెల్లబడింది.

ఆ వీడియో మూడుసార్లు పెట్టించుకున్నాను. పారాయణంలో ప్రాణమనే మాట లెక్కలేనన్నిసార్లు పలికాను, కళ్లతో చూడడం అదే మొదటిసారి. ఎడమ చేతికి అన్నాళ్లూ అందిన ఆ రక్తమే నాలుకకూ అందుతోంది. దాన్ని మైల అనగల శాస్త్రం నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పినా ఒప్పుకోను.

గాయాలు మానాక ఒక శనివారం, అందరికంటే ముందు వెళ్లి మా అత్తగారి చోట కూర్చున్నాను. చేతి మీద కొంగు కప్పుకోలేదు. ముంజేతి మచ్చ అందరికీ కనిపించింది. బావగారు వచ్చి, చూసి, తన చోట కూర్చున్నారు.

నామం ఎత్తుకున్నాను. "ర" పలకలేదు. తడిగా, మొద్దుగా ఇంకేదో వచ్చింది. ఎవరూ అందుకోలేదు. మళ్లీ ఎత్తుకున్నాను, ఇంకా గట్టిగా. వెనక వరుసలో ఆడవాళ్లు అందుకున్నారు, తరువాత మగవాళ్లు. బావగారి నోరు చివరిదాకా మూసే ఉంది.

తీర్థం ఇచ్చేది ఆయనే. నా కుడి అరచేయి చాపాను. ఉద్ధరిణి గాలిలో ఆగింది.

"పోస్తారా, నేనే పోసుకోనా?" అన్నాను. నా మాట ఆయనకు అర్థమైంది.

పోశారు. "ఈ వారానికి సరే" అన్నారు మెల్లగా.

"వచ్చే వారమూ నేనే బావగారూ."

కొత్త సగానికి చల్లదనం తెలియదు. పాత సగానికి తెలిసింది. రెంటితోనూ మింగాను.