చెవి పక్కనుంచి పోయిన సున్నపుకాయ

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా ఇంటి మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. (మగ్గం ముట్టి అబద్ధమాడితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయని మా అవ్వ అనేది. మా మగ్గం మీద తెగినన్ని పోగులు మా వీధి మొత్తంలో తెగలేదు. అది వేరే సంగతి.)

ఆ రోజుల్లో, అంటే పోలీసు యాక్షన్ అయిపోయి పదమూడు పద్నాలుగేళ్లు గడిచిన కాలంలో, మా వైపు మగవాడన్నాక చెప్పుకోవడానికి ఒక తూటా కథ ఉండాల్సిందే. ఒకడి భుజంలో దిగింది, ఇంకొకడి గొంగడిలోంచి దూసుకుపోయింది. నన్ను మాత్రం ఏ తూటా పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చడానికి నేనొకటి సంపాదించాను. ఏనాటిదో మరతుపాకి తూటా తాలూకు ఇత్తడి గొట్టం, బొటనవేలంత లావు. దాని మూతికి బెండు బిగించి సున్నపుకాయగా వాడుకునేవాణ్ణి. ఆకు వేసుకుంటూ ఎవరైనా సున్నం అడిగితే చాలు, సున్నంతో పాటు కథా పెట్టేవాణ్ణి. "తొమ్మిదేండ్లప్పుడు మగ్గం గుంతల కూసున్న. సర్రుమని వచ్చింది. చెవి పక్కపొంటి పోయి గుంజకు గుచ్చుకున్నది. మా బాపు పట్కారుతోటి పీకిండు." మా బాపు పక్కనే ఉండి వింటున్నా ఏనాడూ కాదనలేదు. (కథలో ఆయనకూ పట్కారు దక్కింది కదా!)

అలాంటి నన్ను వెంటబెట్టుకొని బాపు కేతేపల్లికి పిల్లను చూడటానికి పోయాడు. ఆ పిల్లను నేను అంతకుముందే ఒక పెళ్లిలో చూశాను. వడ్డించేవాడు ఆమె చీర మీద చారు ఒలకబోస్తే, "అన్నా, నన్నేమన్న ములక్కాడనుకున్నవా, చారు పోస్తున్నవ్?" అని అడిగిన నోరు అది. ఈ సంబంధం తప్పితే ఇంకెవరినీ చేసుకోనని బాపుకు తెగేసి చెప్పాను. పిల్ల తండ్రి కొన్నాళ్లు ఫౌజులో చేసి, మళ్లీ వచ్చి మగ్గమెక్కిన మనిషి. ఆయన ఆకు చేతికిచ్చాడు. నేను అలవాటు చొప్పున సున్నపుకాయ తీశాను. అలవాటు చొప్పున నోరూ తెరిచాను.

అంతా విని ఆయన గొట్టాన్ని అందుకున్నాడు. చిన్ననాటి దోస్తు కనబడ్డట్టు మొహం వెలిగిపోయింది. "అరె, గిది మా పాత మిషిన్‌గన్‌ది! కొత్తయి వచ్చినంక గివి దేంట్ల పట్టలె. పారేయబుద్ధి గాక, మట్టికట్ట మీద కాల్చి కాల్చి ఒడగొట్టినం. గొట్టాలన్నీ కంచరోళ్లకు తూకానికి పోయినయి. గీ జాతి తూటా మనిషినెన్నడు చూడలె పిలగా, మట్టినే చూసింది." మీసం గోక్కున్నాడు. "గని ఒక్కటి సమజైత లేదు. కాల్చినంక ముంగటికి ఉరికేది గుండు. గొట్టం తుపాకి పక్కనే రాలి పడతది. నీ చెవి దాక ఎట్ల వచ్చె?"

తలుపు చాటునుంచి ఆ నోరే అందుకుంది. "గట్లయితే తుపాకి గాయన చేతులనే ఉండె గావచ్చు, నాయినా!"

బాపు తన కండువా అంచులో పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను మాత్రం జంకలేదు. "అవును మామా, నా చేతులనే ఉండె," అన్నాను.

"తొమ్మిదేండ్ల పోరనివి, మిషిన్‌గన్ కాల్చినవా? ఎవల మీద?"

"మట్టి మీదనే, మామా!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. మామ నా వీపు మీద ఒక్కటి చరిచి, "పిల్లనిస్తున్న, పో!" అన్నాడు.

ఇక మగ్గం మీదనుంచి చెయ్యి తీస్తున్నాను. 'మట్టి మీదనే' అన్న ఆ జవాబు నాకు తిరుగు ప్రయాణంలో, నార్కట్‌పల్లిలో బస్సు మారుతుంటే తట్టింది. ఆ గదిలో నేనన్నది ఒకటే మాట: "అంగట్ల కొన్న." అదీ సగం మింగి అన్నాను. తలుపు చాటున గలగలా నవ్వు వినిపించింది. "అడగంగనే ఒప్పుకున్నడు. గీ కాలంల గంత సాలు," అన్నాడు మామ.

నా జన్మలో అంత సూటిగా నేనాడిన నిజం అదొక్కటే. దానికే ఇల్లాలు దొరికింది. ఆ గొట్టం ఇప్పుడు ఆమె దారపు కండెల బుట్టలో ఉంది. చుట్టాల ముందు నా కథ కొంచెం జోరందుకోగానే, లోపల ఆమె దాన్ని రాట్నానికి టంగుమని కొడుతుంది. అప్పుడు ఆ పాత కుర్రవాడు, చెమటలు కక్కుతూ నిజం చెప్పినవాడు, గుర్తొస్తాడు. ఎటు పోయాడో పాపం. ఆ రోజు నార్కట్‌పల్లిలో బస్సు మారడం మరిచిపోయి ఉంటాడు.