పొట్ట దశలో నాలుగు రోజులు

కోదాడ ఫంక్షన్ హాల్లో మా మరిది కూతురి ఓణీల వేడుక. ప్రతి ఒక్కరినీ "తిన్నరా" అని అడిగిన మరిది నన్ను మాత్రం దాటుకుని వెళ్లాడు. నేను మర్చిపోలేదు.

ఆ యాసంగి పంటకు కాలువ నీళ్లు వంతులవారీగా వదిలారు. మా రెండెకరాలు కాలువ చివర. మా ఆయన ఆటో నడుపుతాడు, సాగు నాదే. వరి పిలకలు వేసేటప్పుడు వద్దన్నా వచ్చిన నీళ్లు, పొట్టకొచ్చేసరికి ఆగిపోయాయి. సూర్యాపేటలో కాలువల ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చాను.

"అందరికి ఎన్ని రోజులో నీకూ అన్నే రోజులు ఇడిసిండ్రు కదమ్మా" అన్నాడు అక్కడి సారు.

రోజులు సమానమే. కానీ పిలకలప్పుడు వారం ఎండినా, తడి తగలగానే వరి తేరుకుంటుంది. పొట్టలో వెన్ను తయారయ్యేటప్పుడు ఎండితే, తర్వాత ఎంత తడిపినా పోయిన గింజ రాదు. ఈ మాట చెప్పేలోగా ఆయన నా వెనకాయన్ని పిలిచాడు. అదీ గుర్తుంది.

తిరిగొచ్చేసరికి మడి నెర్రెలు బారింది. మా పైమడి మరిదిదే. అతనికి బోరుంది, మాకు లేదు. సాయంత్రం తోటికోడలు వచ్చింది.

"అక్కా, మేం మీకంటె నెల ఎనక నాటేసినం. మాది ఇంకా పిలకల మీదనే ఉన్నది, జర ఆగుతది. బోరు నీళ్లు మీ మడికి మళ్లిస్తనంటున్నడు."

"ఆయనకు నోరు లేదా?"

"నోరుంటే ఆ రోజు నిన్ను తినమంటుండె గద" అని నవ్వింది. "గది ఇంకా మనసుల పెట్టుకున్నవా?"

"ఆయన్నే వచ్చి చెప్పమను."

అతను రాలేదు. నాలుగు రోజులు గట్టు మీద నిలబడి ఆకులు చుట్టుకుపోవడం చూశాను. ఐదో పొద్దున వెళ్తే మడిలో నీళ్లు పారుతున్నాయి. మరిది పార పట్టుకుని ఉన్నాడు.

"అలిగింది నువ్వు వదినా. వరేం జేసింది?"

తిన్నావా అని మాత్రం అప్పుడూ అడగలేదు.

మిర్యాలగూడ మిల్లులో గుమాస్తా గుప్పెడు వడ్లు తీసి ఊదాడు. చాలా మటుకు ఎగిరిపోయాయి. "తాలెక్కువుందమ్మా, నీళ్లందలేదా?" అన్నాడు. కాలువ సంగతి చెప్పాను, ఆ సారు సంగతి చెప్పాను. నాలుగు రోజుల సంగతి చెప్పలేదు.

తిరిగి వస్తుంటే మరిది చేను గింజల్లో పాలు పోసుకుంటూ కనిపించింది. అతను బోరు దగ్గర కూర్చున్నాడు.

"తిన్నవా?" అన్నాను.

ముందు అడగాల్సింది అతనే. ఆ మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను.