సాఫ్ చేసిన ముఖం

మా చిన్నమ్మ చనిపోయిన మరునాడు, నస్పూర్‌లో మామ క్వార్టర్ అంతా వెతికినా ఆమె ఫోటో ఒక్కటీ దొరకలేదు.

దండ వెయ్యడానికి ఫోటో కావాలి. పదోరోజుకు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టాలి. మామ బీరువా తెరిచి ఆల్బమ్‌లన్నీ మంచం మీద పోశాడు. ఆయన పెళ్లిది, నన్ను కన్న మా అవ్వ పెళ్లిది, నా పెళ్లిది. అన్నిట్లోనూ చుట్టాలంతా ఉన్నారు, ఆమె మాత్రం లేదు. నా పెళ్లి ఆల్బమ్‌లో ఒకచోట సామాన్ల గది తలుపు పట్టుకున్న ఒక చెయ్యి కనిపించింది. గాజుల్ని బట్టి అది చిన్నమ్మ చెయ్యేనని నేను పోల్చుకున్నాను. ఆధార్ కార్డు మీద ఉన్న బొమ్మను పెద్దది చేయిస్తే మసి పూసినట్టు వచ్చింది.

"ఒక్క ఫోటో గూడ దిగలేదాయె," అన్నాడు మామ, తప్పంతా ఆమెదే అయినట్టు.

చిన్నమ్మ మా అవ్వకు చెల్లెలు, మామకు కూడా చెల్లెలే. ముగ్గురిలో చిన్నది. బడికి పోయే వయసులో పెదవి చివర చిన్న తెల్లమచ్చ వచ్చిందట. కొన్నేళ్లలో అది నోటి చుట్టూ, కళ్ల చుట్టూ, మెడ మీదికి, చేతుల మీదికి పాకింది. బొల్లి. పసర్లు పూశారు, మందులు మింగించారు, మొక్కులు మొక్కారు. పెళ్లి కాలేదు. మామకు బొగ్గుబాయిలో కొలువు దొరికాక ఆయన వెంట నస్పూర్ వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వెనక గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఆ లైన్‌లో ఉన్న ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టింది. అయినా ఇంట్లో ఆమె గ్లాసు వేరే, ఆమె కంచం వేరే. అది అంటుకునే రోగం కాదని డాక్టరు చెప్పాడని నేనెన్నిసార్లు అన్నా మా అత్త, "డాక్టర్లు చెప్తరు తియ్," అనేది.

పెళ్లిళ్లలో ఆమెకెప్పుడూ ఒకటే పని. సామాన్ల గదిలో కూర్చుని సూట్‌కేసులకు కాపలా. ఎవరూ పొమ్మని గట్టిగా చెప్పేవాళ్లు కాదు. "జర గా గది సూసుకో చెల్లె, దొంగలుంటరు," అనేది మా అవ్వ. ఆమె లేచి వెళ్లేది.

ఆ వర్షాకాలం జ్వరం వచ్చింది. మంచిర్యాల ఆసుపత్రిలో చేర్చేసరికే ఆలస్యమైపోయింది. నేను కరీంనగర్ నుంచి వెళ్లేటప్పటికి ఆమె నన్ను గుర్తుపట్టలేదు.

ఆల్బమ్‌లు మూసేశాక నాకు కొండగట్టు గుర్తొచ్చింది. నా పెళ్లికి కొన్ని నెలల ముందు మేమిద్దరమే వెళ్లాం. దర్శనం చేసుకుని మెట్ల దగ్గర కూర్చుని కొబ్బరి తింటుంటే ఒక కోతి వచ్చి నా చేతిలో చిప్ప గుంజుకుపోయింది. నేను కెవ్వుమన్నాను. చిన్నమ్మ పడీపడీ నవ్వింది. తల మీది నుంచి నోటి దాకా ఎప్పుడూ లాక్కునే కొంగు జారిపోయి భుజం మీద పడింది. నేను ఫోను తీశాను. కొంగు సర్దుకోబోయి ఆగిపోయింది.

"తియ్యి బిడ్డా," అంది. "గీడ మనల్ని ఎవ్వలెరుగుతరు."

నేను వెంటవెంటనే రెండు మూడు తీశాను. చూపిస్తే ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాకొకటి కడిగిపియ్యి," అంది. పెళ్లైన కొత్తలోనే ఆ ఫోనులో మెమరీ కార్డు చెడిపోయింది. ఫార్మాట్ చెయ్యమని ఫోను అడుగుతూ ఉండేది. మా వీధిలోని సెల్లు దుకాణంవాడు అన్నీ పోయాయన్నాడు. నాకు మనసొప్పక కార్డును అలాగే తీసి గాజుల డబ్బాలో పెట్టుకున్నాను.

ఆ సంగతి చెప్పగానే మామ లేచాడు. "నడువు, ఇయ్యాల్నే పోదాం. ఫ్లెక్సీకి ఆర్డర్ ఇయ్యాలె."

కరీంనగర్‌లో ముందు మా ఇంటికి వెళ్లి కార్డు తీసుకుని గడియారం స్తంభం దగ్గరికి వెళ్లాం. అక్కడ మేడ మీద ఒక ఇరుకు దుకాణం ఉంది. పోయిన ఫైళ్లు తీసి ఇస్తారని బయట బోర్డు. నడివయసు ముస్లిం ఆయన ఒక్కడే ఉన్నాడు. ఫోనులో ఉర్దూలో ఎవరినో కోప్పడుతూనే మమ్మల్ని కూర్చోమని సైగ చేశాడు. తర్వాత కార్డు తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"గీంట్ల మళ్ల కొత్త ఫోటోలు ఏమన్న ఎక్కిచ్చిండ్రా మేడం?"

"లేదు. చెడిపోయినప్పటి నుంచి ముట్టుకోలేదు."

"గట్లనైతె నసీబు ఉన్నట్టే. ముందుగాల మొత్తం కాపీ తీస్త. కాపీలనే వెతుకుత. కార్డును తక్లీఫ్ పెట్టద్దు."

చాలాసేపు పట్టింది. మామ కిందికి వెళ్లి టీ తాగి వచ్చాడు. స్క్రీన్ మీద పచ్చటి గీత మెల్లగా జరుగుతుంటే నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి చిన్నచిన్న బొమ్మలు తేలడం మొదలైంది. పేర్లు లేవు, వరస లేదు. నా హాస్టల్ గది పక్కన పెళ్లిపందిరి, పందిరి పక్కన ఎవరిదో పిల్లి. కొన్ని సగం వరకే వచ్చాయి, కింద సగం బూడిదరంగు. వీడియోలు కూడా వచ్చాయి.

"గిది తెరవనా?" అని ఆయన ఒకటి నొక్కాడు.

నా పెళ్లిరోజుది. మామ కూతురి చేతికి నా ఫోను ఇచ్చినప్పుడు తీసినట్టుంది. నేను పీట మీదికి వెళ్లబోతూ నిలబడి ఉన్నాను. నా వెనక వంగి ఎవరో జాకెట్ తాళ్లు కడుతున్నారు. ఆ జాకెట్ కుట్టిందీ చిన్నమ్మే, తాళ్లు కడుతున్నదీ చిన్నమ్మే. ముడి బిగించి, నా భుజం మీదుగా తల పైకెత్తి నన్ను చూడబోయింది. అంతలో మామ గొంతు.

"గామెను లోపటికి పంపుర్రి! పిలగానోళ్లు వచ్చిండ్రు. అందరు సూస్తుండ్రు."

తర్వాత అవ్వ గొంతు. "చెల్లె, జర జరుగు. ఫోటోలు ఖరాబైతయ్."

"పోతున్న అక్కా. ముడి ఊసిపోతదని జూస్తున్న." ఇది చిన్నమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చీర అంచు తెర మీది నుంచి పక్కకు జరిగిపోయింది. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే నవ్వుతూ ఉన్నాను. ఆ రోజు వెనక అన్న మాటలు డప్పుల చప్పుడులో నాకు వినిపించలేదు.

దుకాణం ఆయన వీడియో ఆపి మమ్మల్ని చూశాడు. నేను మామ వైపు చూశాను. తన గొంతు తాను విన్నాడు కదా, ఏమైనా అంటాడేమోనని.

"గీ వీడియోలతోటి ఏం పని? ఫోటో సూపియ్యి," అన్నాడు మామ.

కొండగట్టు ఫోటోలు చివర్లో దొరికాయి. రెండింట్లో మెడ కింది నుంచి బూడిదరంగు. మూడోది నిండుగా ఉంది. చిన్నమ్మ నోరు తెరిచి నవ్వుతోంది. కళ్లు సగం మూసుకుపోయాయి. వెనక మెట్లు, ఎండ. ఆయన దాన్ని పెద్దది చేసి ముందుకు వంగాడు.

"మొకం మీద జర పోయినట్టున్నది మేడం," అన్నాడు. "కండ్ల చుట్టు, నోటి కాడ తెల్లగైంది. మెడ మీద గూడ. కార్డు ఖరాబైతె గిట్లనే కలర్ ఎగిరిపోతది. ఫికర్ చెయ్యకుర్రి, నేను సాఫ్ చేస్త."

నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు.

"ఔ. కార్డు తోటే గట్లైంది. సాఫ్ చెయ్యి."

"కార్డు వల్ల కాదు," అన్నాను. "ఆమె ముఖమే అట్ల ఉంటది."

ఆయన మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మాఫ్ చెయ్యుర్రి మేడం. నాకు ఎరుక లేక..." అని ఆగిపోయాడు.

"నువ్వు ఊకో బిడ్డా," అన్నాడు మామ నాతో. "పదోరోజుకు పెద్దపల్లి నుంచి పిలగానోళ్లు వస్తుండ్రు. ఇంటి ముంగట గా మొకం కడితె నా బిడ్డ సంబంధం నిలుస్తదా? ఇన్నొద్దులు కండ్లవడకుంట ఎట్ల కాపాడుకచ్చిన్నో నీకేమెరుక?"

"చచ్చిపోయినంక గూడనా మామా?"

"చచ్చిపోయినంక ఆమెకు ఏం గావాలె? బతికున్నోళ్లను సూడాలె."

ఆయన అరవలేదు. ధాన్యం ధర చెప్పినట్టు చెప్పాడు. మామ చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. చెల్లెల్ని ఇన్నేళ్లు ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టాడని అందరూ మెచ్చుకుంటారు. చిన్నమ్మ కూడా నా ముందు ఎన్నడూ ఆయన్ని ఒక్క మాట అనలేదు.

"ఏం చెయ్యాల్నో మీరే సోంచాయించి చెప్పుర్రి," అన్నాడు దుకాణం ఆయన తల దించుకుని.

"చెప్పిన గద. సాఫ్ చెయ్యి."

చనిపోయింది మామ చెల్లెలు. ఇల్లు ఆయనది, కర్మ చేసేది ఆయన. అసలు ఫోటోను, వీడియోను నా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమని మాత్రం అడిగాను. దుకాణం ఆయన వేసిచ్చాడు. తర్వాత పని మొదలుపెట్టాడు. లేచి వెళ్లిపోదామనుకున్నాను కానీ కూర్చునే చూశాను. పెదవి చివరి మచ్చ ముందు పోయింది. అన్నిటికంటే ముందు వచ్చింది అదే. దానితో పాటు నవ్వినప్పుడు అక్కడ పడే గీత కూడా పోయింది. తర్వాత ఒక కన్ను చుట్టూ, ఇంకో కన్ను చుట్టూ. తర్వాత మెడ. బుగ్గ మీది రంగు తెచ్చి మచ్చ మీద అద్దుతుంటే ముఖం మైనం పూసినట్టు నున్నగా అవుతూ వచ్చింది.

మామ కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తున్నాడు. "మంచిగున్నది," అన్నాడు. కాసేపాగి, "మొకం మొత్తం జర తెల్లగ చెయ్యి," అన్నాడు.

దుకాణం ఆయన నా వైపు చూడలేదు. చేశాడు.

పదోరోజు పొద్దున నేను నస్పూర్ చేరేసరికి ఫ్లెక్సీ కట్టేశారు. మనిషెత్తు ఉంది. మెడలో లేని గొలుసు పెట్టారు, వెనక పూలతోట వేశారు. చిన్నమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి గేటు దగ్గర ఆగారు. ఒకావిడ ఫ్లెక్సీని కిందికీ పైకీ చూసి నన్నడిగింది.

"గీమె ఎవలు? మా మిషనామె ఫోటో పెట్టలేదా?"

"ఆమెనే," అన్నాను.

ఆవిడ మళ్లీ చూసింది. "ఎక్కడ?" అంది.

మా అవ్వ పెద్దపల్లి వాళ్లకు మంచినీళ్లిచ్చి బయటికి వచ్చింది. ఆ పది రోజులూ ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నా పక్కన నిలబడి ఫ్లెక్సీని చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముఖం వెలిగింది.

"ఎంత ముద్దుగున్నదో సూడు నా చెల్లె," అంది. "గిట్లనే ఉంటె ఎప్పుడో పెండ్లయ్యేది."

చెయ్యి వదిలేశాను. అవ్వ గమనించలేదు. కొంగుతో ఫ్లెక్సీ మీద పడిన దుమ్ము తుడిచింది. బుగ్గల మీద, నోటి దగ్గర, మెల్లగా, బతికున్నప్పుడు ఆమెను ఎన్నడూ ముట్టుకోని చోట్ల.

మామ కూతురి సంబంధం కుదిరింది. ఆ పిల్ల మంచిది, సుఖంగానే ఉంది. పెళ్లి పనుల కోసం మళ్లీ నస్పూర్ వెళ్లినప్పుడు క్వార్టర్ వెనక బొగ్గుకుప్ప మీద ఆ ఫ్లెక్సీ కప్పి ఉంది. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. ముఖం పైకే ఉంది, దాని మీద వాన నీళ్లు నిలిచాయి.

"మామా, అది తీసెయ్యవా?"

"గట్టి ఫ్లెక్సీ బిడ్డా. బొగ్గు తడ్వకుంట ఆగుతున్నది. ఎందుకు పారేస్తం?"

అసలు ఫోటోను నేను కడిగించి ఫ్రేము కట్టించాను. మా ఇంట్లో అన్నం తినే గదిలో పెట్టాను. నా కూతురు దాన్ని "కోతి అమ్మమ్మ" అంటుంది, ఆ కోతి కథ నేను చెప్పాను కనుక. మొన్న అవ్వ వచ్చి కొన్నాళ్లుంది. వచ్చిన పూటే ఆ ఫోటో ముందు ఆగింది. దగ్గరికి పోలేదు.

"గిది తియ్యి," అంది.

"ఎందుకవ్వా? నీ చెల్లెలే గద."

"ఆడపిల్ల ఉన్న ఇల్లు. రేపు ఎవలన్న సూస్తె మీ ఇంట్ల గిది ఉన్నదా అంటరు." గొంతు తగ్గించి, నా కూతురు ఆడుకుంటున్న వైపు చూసింది. "పిల్ల ఒంటి మీద ఏమన్న లేవు గద? మంచిగ సూస్తున్నవా?"

నేను ఫోటో తియ్యలేదు. అవ్వ ఉన్నన్నాళ్లూ కంచం పట్టుకుని వెళ్లి ముందు గదిలో తిన్నది.